ఎండెక్కక ముందే బ్రెడ్డు

వీడియోలో చెప్పినట్టే చేశారు. మైదా కొలిచారు, ఈస్ట్ కలిపారు, పిండి పిసికి తడిబట్ట కప్పి గంటన్నర పక్కన పెట్టారు. బట్ట తీసేసరికి పిండి గిన్నె అంచుదాకా లేచి, మళ్ళీ కుంగిపోయి, పుల్లటి వాసన కొడుతోంది. ఇంతదాకా వచ్చాక వదిలేయడమెందుకని ఓవెన్‌లో పెట్టారు. బయటికొచ్చింది పైన తెల్లగా, అడుగున నల్లగా, మధ్యలో పచ్చిగా. అత్తగారు ఒక ముక్క విరవబోయి, "ఏందమ్మా ఇది, రొట్టా రాయా?" అన్నారు. ఆ రోజుతో ఈస్ట్ పొట్లం ఫ్రిజ్ తలుపులోకి, ఓటీజీ అటక మీదికి వెళ్ళిపోయాయి.

మీ ఇంట్లోనూ ఇదే జరిగిందా? అయితే ముందు ఒక మాట. తప్పు మీ చేతిలో లేదు. గంటన్నర అన్న లెక్క ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీలుండే గదికి వేసింది. మే నెల మధ్యాహ్నం గిద్దలూరు వంటింట్లో నలభైకి దగ్గర్లో ఉంటుంది. ఈస్ట్ ప్రాణమున్న పదార్థం. వెచ్చగా ఉన్నకొద్దీ తొందరగా తింటుంది, తొందరగా గాలి వదులుతుంది. అక్కడ గంటన్నర పట్టే పని ఇక్కడ ముప్పావుగంటలో అయిపోతుంది. మిగతా ముప్పావుగంటా మీ పిండి పొంగలేదు, పులిసింది.

మరి ఏం చేయాలి? వంటింటికి ఏసీ పెట్టించాలా? అక్కర్లేదు. వేళ మార్చుకుంటే చాలు. గిద్దలూరైనా, కంభమైనా, మార్కాపురమైనా, నల్లమల పక్కనున్న మన ఊళ్ళలో ఎండాకాలం బ్రెడ్డు పగటి వంట కాదు. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున కాల్చుకునే వంట. ఇడ్లీ పిండి రాత్రి కలిపి పెట్టడం మీకు కొత్తా? చలికాలం ఒకలాగా, ఎండాకాలం ఒకలాగా దాన్ని చూసుకోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది కదా. ఈ అధ్యాయంలో ఆ ఒడుపునే బ్రెడ్డు మీదికి మళ్ళిస్తాం.

నేర్చుకోవడానికి నేను ఎంచిన బ్రెడ్డు మఫులెట్టా. పైన నువ్వులు చల్లిన గుండ్రటి ఇటలీ రొట్టె. పుట్టిల్లు సిసిలీ దీవి. పేరు తెచ్చుకున్నది మాత్రం అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో. సాల్వతోరే లూపో అనే సిసిలీ వలసదారు 1906లో అక్కడి డెకాటర్ వీధిలో సెంట్రల్ గ్రోసరీ అనే కొట్టు పెట్టాడు. దగ్గర్లోనే కూరగాయల మార్కెట్. అక్కడికి సరుకు తెచ్చే సిసిలీ రైతులు మధ్యాహ్నం ఆ కొట్లో కాస్త మాంసం, కాస్త చీజ్, ఆలివ్ ముక్కలు, ఒక రొట్టె కొనుక్కుని, అన్నీ ఒళ్ళో పరుచుకుని విడివిడిగా తినేవారట. రొట్టెను అడ్డంగా కోసి అన్నీ మధ్యలో సర్దేస్తే సుఖం కదా అని లూపోకు తోచిందని ఆ ఇంటివాళ్ళు చెప్పుకునే కథ. పది అంగుళాల రొట్టె, నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక మనిషికి భోజనం.

మొదటిసారి చేసేవాళ్ళకు ఇదే ఎందుకంటే, దీనికి డబ్బా అచ్చు అక్కర్లేదు, ఒక చదును పళ్ళెం చాలు. ఎత్తుగా లేవాల్సిన పని లేదు కాబట్టి పొంగులో కాస్త తేడా వచ్చినా పరువు పోదు. పలచగా ఉంటుంది కనుక లోపల పచ్చి మిగిలే భయం తక్కువ. ఇక నువ్వులంటారా, మనకవి చిమ్మిలి నాటి నుంచి తెలిసినవే.

ముందు సరుకు

ఒక పది అంగుళాల రొట్టెకు: మైదా 400 గ్రాములు, సన్న బొంబాయి రవ్వ 50 గ్రాములు, నీళ్ళు 270 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను (3 గ్రాములు), పంచదార ఒక టీస్పూను, ఉప్పు ఒకటిన్నర టీస్పూను (9 గ్రాములు), నూనె రెండు టేబుల్‌స్పూన్లు, నువ్వులు రెండు టేబుల్‌స్పూన్లు. ఇష్టమైతే అర టీస్పూను సోంపు పిండిలో కలుపుకోవచ్చు. సిసిలీలో కొన్నిచోట్ల ఈ రొట్టెకు అలాంటి ఘుమఘుమే ఇస్తారు.

గ్లాసుల లెక్క వద్దు. నొక్కి నింపిన గ్లాసుకూ వదులుగా నింపిన గ్లాసుకూ మైదాలో తేడా ఎంతుంటుందో మీకే తెలుసు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనుక్కోండి. ఈ అధ్యాయంలో నేను కొనమనే వస్తువు అదొక్కటే.

రవ్వ ఎందుకు? సిసిలీ రొట్టెల్లో దురుమ్ గోధుమ పిండి వాడతారు. ఆ గరుకు, ఆ లేత పసుపు దాని నుంచే. మనకు అది దొరకదు. రవ్వను మిక్సీలో ఒకసారి తిప్పి కలిపితే పైపెంకు కాస్త కరకరలాడుతుంది. అంతకుమించి ఆశ పెట్టుకోకండి, రవ్వ పాలు పెంచకండి. ఆరోగ్యమని సగం గోధుమపిండి కలపాలని మనసు లాగుతుంది. అదీ ఆపుకోండి. మైదాతో చేయి కుదిరాక ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చు.

నీళ్ళ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బోరు నీళ్ళు గట్టివి, ఉప్పదనం ఉంటుంది. ఫ్లోరైడ్ బాధ సరేసరి. మరీ గట్టి నీళ్ళతో కలిపిన ముద్ద బిగుసుకుని నిదానంగా పొంగుతుంది. కాబట్టి మీరు తాగే నీళ్ళతోనే కలపండి. క్యాన్ నీళ్ళలో ఖనిజాలు తక్కువ, ముద్ద చేతికి కాస్త ఎక్కువ అంటుకుంటుంది. అది మామూలే. పంపు నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తుంటే రాత్రి వాడే నీళ్ళను పొద్దున్నే బిందెలో పట్టి మూత లేకుండా ఉంచండి.

ఈస్ట్ కొనేటప్పుడు పొట్లం వెనక తేదీ చూడండి. మన ఊళ్ళలో ఈస్ట్ అడిగేవాళ్ళు తక్కువ. అదే పొట్లం ఎండలో కొట్టు అరలో నెలలు పడి ఉండొచ్చు. అనుమానం ఉందా? అరకప్పు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను పంచదార, అర టీస్పూను ఈస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి. పైన నురగ కట్టిందా, బతికుంది. కట్టలేదా, పారేయండి, జాలిపడి రెండింతలు వేస్తే పని జరగదు. బేకరీలో మీకు పరిచయముంటే అక్కడే ఒక యాభై గ్రాములు అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. వాళ్ళ దగ్గర సరుకు రోజూ కదులుతుంది. విప్పిన పొట్లాన్ని గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

రాత్రి పని

1. తొమ్మిది గంటలకు మొదలుపెట్టండి. మైదా, రవ్వ, పంచదార, ఈస్ట్ కలిపి, నీళ్ళలో 250 మిల్లీలీటర్లు మాత్రమే పోయండి. ఎండాకాలమైతే ఫ్రిజ్ నీళ్ళు. అవును, చల్లటివే. "ఈస్ట్‌కు వేడి నీళ్ళు కావాలి కదా" అంటారా? చలి దేశాల్లో కావాలి. మన డబ్బాలో మైదాయే ముప్పై అయిదు డిగ్రీలుంటుంది; దానికి చల్లటి నీళ్ళు తోడైతేనే ముద్ద ఇరవై అయిదు దగ్గర నిలుస్తుంది. చెయ్యి కాలేంత వేడి నీళ్ళు పోస్తే ఈస్ట్ చచ్చి ఊరుకుంటుంది.

2. పొడి పిండి కనబడకుండా కలిపి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. గిన్నెలు తోముకోండి, పిల్లల హోంవర్క్ చూడండి. ఈలోపు మైదా నీళ్ళు పీల్చుకుని మీరు పిసకాల్సిన శ్రమలో సగం అదే చేసుకుంటుంది. చాలా వీడియోల్లో ఈ విరామాన్ని కత్తిరించేస్తారు, చూపించడానికి ఏమీ ఉండదు కదా.

3. ఇప్పుడు ఉప్పు, నూనె వేసి పిసకండి. పది నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు చేతికి అంటుకుని చికాకు పుట్టిస్తుంది. ఇక్కడే నూటికి తొంభై మంది పొడి మైదా చల్లుతారు. చల్లకండి! చపాతీ పిండి అలవాటైన చేతికి ఈ ముద్ద పలచగానే తోస్తుంది. చపాతీ పిండిలా గట్టిపడితే బ్రెడ్డు కూడా గట్టిగానే వస్తుంది. అరచేతికి నూనె రాసుకుని, ముద్దను ముందుకు తోసి, మడిచి, పావు చుట్టు తిప్పి, మళ్ళీ తోయండి. అయిదో నిమిషానికి ముద్ద గిన్నెను వదులుతుంది. మరీ గట్టిగా అనిపిస్తే మిగిల్చిన 20 మిల్లీలీటర్ల నీళ్ళు చెంచా చెంచాగా కలపండి. ఒక్కో సంచి మైదా ఒక్కోలా నీళ్ళు తాగుతుంది. ఆ 20 మిల్లీలీటర్లు అందుకే విడిగా ఉంచాం. అయిందో లేదో ఎలా తెలుస్తుంది? నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా సాగదీయండి. చిరిగిపోకుండా, అవతలి వెలుతురు కనబడేంత సన్నటి పొర రావాలి. రాకపోతే మరో రెండు నిమిషాలు.

4. నూనె రాసిన గిన్నెలో వేసి మూత పెట్టండి. గిన్నె ముద్దకు రెండింతలకు పైగా పట్టేది అయ్యుండాలి. ఎండాకాలం ఇరవై నిమిషాలు బయట ఉంచి, కదలిక కనబడగానే ఫ్రిజ్‌లోకి. రాత్రి కరెంటు పోయినా కంగారు పడకండి. తలుపు తీయకుండా ఉంటే రెండు మూడు గంటలు చల్లదనం పోదు.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఫ్రిజ్ అవసరమే లేదు. ఈస్ట్‌ను పావు టీస్పూనుకు తగ్గించి, గిన్నెను గట్టు మీదే వదిలేయండి. తెల్లారేసరికి రెండింతలవుతుంది.

ఈ పద్ధతి ఉద్యోగాలు చేసేవాళ్ళకు భలే అనువు. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కంభం బస్సెక్కాల్సిన టీచరమ్మ పగలు బ్రెడ్డు ఎలా చేస్తుంది? రాత్రి అరగంట, తెల్లవారి అరగంట చాలు. మిగతా పని ఫ్రిజ్ చేస్తుంది. పైగా రాత్రంతా చల్లగా, నిదానంగా పులిసిన పిండికి వచ్చే రుచి, మధ్యాహ్నం హడావిడిగా పొంగించిన పిండికి రాదు. ఎండ వల్ల మనం పడే తిప్పలే మనకిక్కడ మంచి బ్రెడ్డు తెచ్చిపెడుతున్నాయన్నమాట.

తెల్లవారి పని

5. అయిదింటికి లేచి గిన్నె బయటికి తీయండి. ముద్దను గట్టు మీద దించి, అంచులు నాలుగు వైపుల నుంచీ మధ్యకు మడిచి, తిరగేసి, రెండు అరచేతుల మధ్య తిప్పుతూ నున్నటి బంతి చేయండి. పావుగంట విశ్రాంతి. ఈ విశ్రాంతి ఇవ్వకుండా ఒత్తబోతే ముద్ద రబ్బరులా వెనక్కి లాగేసుకుంటుంది. మీరు బలం పెడతారు, అది మొండికేస్తుంది. ఆగితే దానంతటదే లొంగుతుంది.

6. అరచేత్తో తట్టి ఎనిమిదిన్నర, తొమ్మిది అంగుళాల వెడల్పుకు పరచండి. అప్పడాల కర్ర వద్దు, లోపలి గాలి పోతుంది. మధ్యలో అంచుకన్నా కొద్దిగా పలచగా నొక్కండి, లేకపోతే కాలేటప్పుడు మధ్యలో గుబ్బలా లేచి శాండ్‌విచ్ నిలవదు.

7. నువ్వులు. ఇది రొట్టెకు ముఖం కాబట్టి ఇంకాస్త ఓపిక పట్టండి. మన దగ్గర విడిగా అమ్మే నువ్వుల్లో ఇసుక ఉంటుంది. గాలించి, నీడన ఆరబెట్టిన నువ్వులే వాడండి. పంటి కింద ఒక్క ఇసుక రేణువు పడితే మీ రాత్రి కష్టమంతా మర్చిపోతారు. వేయించినవి వేయకండి, ఓవెన్‌లో మళ్ళీ కాలి చేదెక్కుతాయి. అతకడానికి ఏం రాయాలి? గుడ్డు తినేవాళ్ళు గుడ్డు సొన, తిననివాళ్ళు పాలు. ఇంకా చవగ్గా, ఇంకా గట్టిగా పట్టేది చిక్కటి అన్నం గంజి. నువ్వులను పళ్ళెంలో పరిచి, గంజి రాసిన వైపును దాని మీద బోర్లించి మెల్లగా నొక్కి తీస్తే అన్నివైపులా సమంగా అంటుకుంటాయి. పైనుంచి చల్లితే సగం ట్రేలోకే పోతాయి. పైగా ఈ పని రెండో పొంగుకు ముందే చేయాలి. పొంగిన రొట్టెను బోర్లిస్తే చప్పబడుతుంది.

8. నూనె రాసిన ట్రేలో పెట్టి, తడిబట్ట తగలకుండా ఏదైనా పెద్ద గిన్నె బోర్లించండి. ఎంతసేపు? చల్లటి ముద్ద కాబట్టి ఎండాకాలం తెల్లవారుజామున ముప్పావుగంట నుంచి గంట, చలికాలం గంటన్నర దాకా పట్టొచ్చు. అయితే గడియారాన్ని సాక్షిగా పిలవకండి, వేలిని పిలవండి. అంచు దగ్గర వేలితో నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. నిదానంగా సగం పూడితే, అదీ వేళ. అసలు పూడకపోతే ఆలస్యమైంది, వెంటనే ఓవెన్‌లోకి తోసేయండి.

9. పెట్టడానికి ఇరవై నిమిషాల ముందే ఓటీజీని 220 డిగ్రీల దగ్గర, పైనా కిందా కడ్డీలు రెండూ వెలిగేలా పెట్టండి. అడుగున చిన్న స్టీలు గిన్నెలో కాసిని నీళ్ళు ఉంచండి. మొదటి పది నిమిషాల ఆవిరికి రొట్టె పైపెంకు త్వరగా బిగుసుకోకుండా హాయిగా లేస్తుంది. ఆ తర్వాత గిన్నె జాగ్రత్తగా తీసేయండి. రొట్టె పెట్టగానే వేడి 200కు దించండి. మొత్తం ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై కడ్డీ రొట్టెకు జానెడు దూరం కూడా ఉండదు, నువ్వులు మాడతాయి. రంగు రాగానే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పండి. మీది పదహారు లీటర్ల ఓటీజీ అయితే ముద్దను రెండు చేసి ఆరంగుళాల రొట్టెలు కాల్చుకోండి. అడుగున తడితే డొల్లగా టకటక శబ్దం వస్తే కాలినట్టే.

ఓటీజీ సైజును బట్టి రెండు వేల వాట్ల దాకా లాగుతుంది. ఇంటి ఇన్వర్టరు మీద నడపబోకండి. తెల్లవారుజామున కాల్చడంలో ఇంకో లాభం కూడా ఉంది: పగటి కోతల బెడదా తక్కువ, వంటింట్లో అదనపు సెగా తక్కువ.

ఇక్కడ ఒక ఉత్సాహానికి అడ్డుపడాలి. ఇటలీవాళ్ళు రాతి మీద కాలుస్తారు, మనకేమో దేశమంతటికీ బడి పలకలు పంపిన మార్కాపురం పక్కనే ఉంది. ఒక పలకరాయి బండ ఓవెన్‌లో పెడితే పోలా? వద్దు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్య తేమ ఉంటే వేడికి పెచ్చులు లేచి ఎగిరిపడొచ్చు. అడుగు బాగా కాలాలనుకుంటే మందపాటి ఇనప దోసె పెనాన్ని ఓవెన్‌లో ముందే వేడెక్కించి, దాని మీద ట్రే పెట్టండి. చాలు.

కోయకండి, ఆగండి

అత్తగారి మాట గుర్తుందా? ఆ రాయి సంగతిలో సగం తప్పు పొంగుదైతే, సగం తప్పు తొందరది. వేడివేడిగా కోసిన బ్రెడ్డు లోపల జిగటగా, పచ్చిగా కనబడుతుంది. కాలలేదనుకుని మళ్ళీ లోపల పెడతారు, అది ఎండిపోయి గట్టిపడుతుంది. బయటికి తీసిన రొట్టె లోపల ఇంకా ఆవిరి తిరుగుతూనే ఉంటుంది. జాలీ మీద గంటసేపు వదిలేయండి. జాలీ లేకపోతే జల్లెడ బోర్లించి దాని మీద పెట్టండి. ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమ్మగిల్లుతుంది.

ఇంట్లోవాళ్ళు "తీపి లేదేంది?" అనడం ఖాయం. మన బేకరీ బ్రెడ్డు, బన్ను తియ్యగా ఉంటాయి, నాలుక దానికే అలవాటు పడింది. ముందే చెప్పేయండి, ఇది టీలో ముంచుకునే బన్ను కాదు, కూర పెట్టుకుని తినేదని. పిల్లల కోసం పంచదార ఒక టేబుల్‌స్పూను దాకా పెంచుకోండి, అంతకు మించితే నువ్వుల కన్నా ముందు పైపెంకు నల్లబడుతుంది.

మొదటి వాయి బాగా రాకపోతే? ఏది తేడా కొట్టిందో రొట్టే చెబుతుంది, వినండి. లోపల దట్టంగా, బరువుగా ఉంటే రెండో పొంగు చాలలేదు. పుల్లగా, చదునుగా, రంగు పట్టకుండా ఉంటే పొంగు మీరిపోయింది. పంచదారంతా ఈస్టే తినేసింది, ఇక రంగెక్కడిది? పక్కకు పగిలిపోతే కూడా పొంగక ముందే పెట్టారన్నమాట. రుచీపచీ లేకుండా ఉండి, పిండి అదుపు తప్పి పొంగితే ఉప్పు మరిచారు. అడుగు మాడితే ట్రేను ఒక మెట్టు పైకి జరపండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఈస్ట్, నీళ్ళు, వేడి మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలియదు. గోడ క్యాలెండరులో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో "ముప్పావుగంట, గంజి, ఫాయిల్" అని రాసుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో పనికొస్తుంది.

ఓవెన్ లేకపోతే

గ్యాస్ పొయ్యి మీద కూడా కాల్చవచ్చు. అందరూ కుక్కర్ చెబుతారు గానీ, నీళ్ళు లేకుండా అంతసేపు వేడి చేస్తే కుక్కర్ పాడవుతుంది. అటక మీద పడున్న మందపాటి పాత అల్యూమినియం గుండిగ దించండి. అడుగున రెండు వేళ్ళ మందాన రాళ్ళుప్పు పరిచి, చుట్టుకుదురో స్టాండో పెట్టి, మూతేసి మధ్యరకం మంట మీద పావుగంట కాచండి. రొట్టె ఉన్న పళ్ళెం దించి, మూత మీద బరువు పెట్టి, మంట తగ్గించి ముప్పై అయిదు, నలభై నిమిషాలు. పైన రంగు రాదు. ఆఖర్న నువ్వుల వైపు బోర్లించి వేడి పెనం మీద రెండు నిమిషాలు ఉంచితే గోధుమ రంగు, కమ్మటి వాసన రెండూ వస్తాయి. ఓటీజీ రొట్టెకు ఇది సాటి రాదు, నిజమే. కానీ ఓవెన్ కొన్నాక మొదలుపెడదాం అనుకునేవాళ్ళు ఎప్పటికీ మొదలుపెట్టరు, ఆ ముచ్చట మనకు కొత్త కాదు.

లోపల ఏం పెట్టాలి

న్యూ ఆర్లీన్స్‌లో ఆలివ్‌లు, కాలీఫ్లవర్, క్యారెట్, సెలెరీ, వెల్లుల్లి సన్నగా తరిగి ఆలివ్ నూనెలో నానబెట్టి, ఆ ఊరినదాన్ని రొట్టె లోపలివైపు దట్టంగా పరుస్తారు. దాని మీద పందిమాంసం రకాలు, చీజ్. రుచంతా ఆ నూనెను రొట్టె పీల్చుకోవడంలోనే ఉంది. ఈ కిటుకు తెలిశాక మన సరుకుతో చేయడం ఎంతసేపు? కాలీఫ్లవర్, క్యారెట్, రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి, ఉప్పు, మూడు చెంచాల వెనిగర్, అరకప్పు నువ్వుల నూనె పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలివ్ సీసా దొరికితే వేయండి, దొరకలేదని ఆగకండి.

పొద్దున చల్లారిన రొట్టెను అడ్డంగా కోసి, పై చెక్కలోంచి మెత్తటి గుజ్జు కాస్త తీసేయండి, లేకపోతే కూరంతా పక్కల నుంచి జారిపోతుంది. కింది చెక్కకు ఊరిన ముక్కలు నూనెతో సహా వేసి, ఉడికించిన గుడ్డు చక్రాలు గానీ, ఎముకలు తీసి వేపిన కోడిమాంసం గానీ, పెనం మీద కాల్చిన పనీరు గానీ సర్దండి. ఒక చీజ్ ముక్క. కారం కావాలనేవాళ్ళు పై చెక్కకు ఆవకాయ ఊట పలచగా రాయండి. ఊట మాత్రమే, ముక్కలు వద్దు. కొరికినప్పుడు టెంక తగిలితే బాగుండదు. మూసి, బటర్ పేపర్లో చుట్టి, పైన పళ్ళెం, పళ్ళెం మీద కందిపప్పు డబ్బా పెట్టి అరగంట వదిలేయండి. అప్పుడు నాలుగు ముక్కలు కోయండి. గుడ్డు, మాంసం పెట్టినదాన్ని ఎండాకాలం గంటకు మించి బయట ఉంచవద్దు. ప్రయాణానికైతే పనీరు కూడా కాదు, వట్టి ఊరిన కూరగాయలే పెట్టుకోండి.

మిగిలిన రొట్టెను మొదటి రోజు నూలుగుడ్డలో చుట్టి ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది, కావాలంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకుని తీసినవి తీసినట్టు పెనం మీద వేడి చేసుకోండి. వానాకాలం రెండో రోజుకే బూజు వాసన చూడాల్సి వస్తుంది, జాగ్రత్త. గట్టిపడిన ముక్కలుంటే చిన్నచిన్నగా తుంచి, నెయ్యిలో దోరగా వేయించి, ఉల్లిపాయ, టమాటా తాలింపులో తిప్పండి. రాలిన నువ్వులు కూడా అందులోనే దులిపేయండి.